‘అన్నీ ఇందులోనే’ అన్న ఉప్పునీటి ట్యాంకు: పద్నాలుగు నెలలు వాడాక

తొమ్మిదేళ్ళుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను. మొక్కల ట్యాంకు, అందులో నియాన్ టెట్రాల గుంపు, కోరిడోరాలు, ఎవరి మాటా వినని ఒక ముసలి ప్లెకో. నీళ్ళు వాసన చూసి మార్చాలో వద్దో చెప్పగలను. చేప రెక్కలు ముడిచిన తీరు చూసి దాని ఒంట్లో ఎలా ఉందో కూడా చెప్పగలను. ఆ ధీమాతోనే 75 లీటర్ల ఉప్పునీటి కిట్ ఒకటి కొన్నాను. బిగినర్లకు కావలసినవన్నీ ఇందులోనే ఉన్నాయని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటి కిట్లు ఎన్నో ఉన్నాయి, నేను చెప్పే మంచీ చెడ్డా వాటిలో చాలావాటికి వర్తిస్తాయి.

తొందరలో ఉన్నవాళ్ళకు ముందే చెప్పేస్తాను. గాజు, లైటు, పంపు బాగున్నాయి. ఉప్పు ఫర్వాలేదు. పుస్తకం సగం తప్పుదారి పట్టిస్తుంది. ఉప్పు కొలవడానికి ఇచ్చిన పరికరాన్ని మాత్రం పెట్టెలోంచి తీయకండి. 5కి 3 ఇస్తున్నాను, ఆ మూడూ గాజుకూ లైటుకూ పంపుకే.

పెట్టెలో వచ్చినవి ఇవి. చట్రం లేని గాజు ట్యాంకు, పొడవు 60 సెంటీమీటర్లు. వెనకవైపు నల్లటి అడ్డుగోడ, దాని వెనక మూడు అరలు. పైన దువ్వెన పళ్ళలాంటి సందుల్లోంచి నీళ్ళు మొదటి అరలోకి దిగి, స్పాంజి, కార్బన్ సంచి, సెరామిక్ రింగులు దాటుకుని చివరి అరలోకి వస్తాయి. అక్కడున్న పంపు వాటిని మళ్ళీ ట్యాంకులోకి తోస్తుంది. నీలం, తెలుపు ఎల్‌ఈడీ లైటు. ఒక్కసారి నింపడానికి సరిపడా ఉప్పు. ఉప్పు కొలిచే పలచటి ప్లాస్టిక్ హైడ్రోమీటరు. ఓ చిన్న పుస్తకం. హీటరు లేదు, నీళ్ళను కదిలించే వేవ్‌మేకరు లేదు, టెస్ట్ కిట్ లేదు, మూత లేదు. ‘అన్నీ’ అంటే ఇవన్నమాట!

గాజు అంచుల అతుకులు చూస్తే ముచ్చటేస్తుంది, సిలికాన్ ఎక్కడా బయటికి పొంగలేదు. కానీ 75 లీటర్ల మాట నమ్మి లెక్కలు వేయకండి. రాళ్ళు, ఇసుక వేసి, పై అంచు నాలుగు వేళ్ళు వదిలేశాక నా ట్యాంకులో పట్టిన నీళ్ళు 60 లీటర్లే. నింపేటప్పుడు బకెట్లు లెక్కపెట్టుకున్నాను కాబట్టి తెలిసింది. తర్వాత ఉప్పయినా మరేదైనా ఈ 60 మీదే లెక్క కట్టాలి.

ఇక ఉప్పు. మంచినీటి చేపలకు జబ్బు చేస్తే వేసే ఉప్పులాంటిదే కదా అనుకునేదాన్ని. కాదు. సముద్రపు నీటిలో కరిగిన వాటిలో సోడియం, క్లోరైడు కలిపి బరువులో 85 శాతం పైనే ఉంటాయి. మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం, ఇంకా చిన్నాచితకా మిగిలిన వాటా. చేపకూ నత్తకూ పగడానికీ ఆ మిగిలినది కూడా కావాలి. ఛాలెంజర్ అనే ఓడ 1872 నుంచి 1876 వరకు సముద్రాలు తిరిగి నీళ్ళు పట్టుకొస్తే, అందులో 77 నమూనాలను డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి 1884లో ఫలితాలు అచ్చువేశాడు. ఒకచోట ఉప్పు ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండొచ్చు గానీ, అందులోని ముఖ్యమైన లవణాల పాళ్ళు మాత్రం అంతటా దాదాపు ఒకటే అని తేలింది. సంచిలో ఉప్పు పోసి ‘సముద్రం’ అని అమ్మగలుగుతున్నది ఆ పాళ్ళు స్థిరంగా ఉండబట్టే. ఇది తెలిశాక ఆ సంచి మీద నాకు కాస్త గౌరవం పెరిగింది.

గౌరవం పెరగకముందు చేసిన పని చెప్తాను. బకెట్లో ముందు ఉప్పు పోసి, దాని మీద నీళ్ళు పోశాను. నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా అయిపోయాయి. మర్నాటికి తేటపడ్డాయి గానీ అడుగున సుద్దలాంటి పొర మిగిలింది. కొంచెం నీళ్ళలో అంత ఉప్పు ఒక్కసారి పడితే అందులోని కాల్షియం, కార్బొనేటు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టి దిగిపోతాయి. మళ్ళీ కరగవు. ముందు నీళ్ళు, అందులో పంపు తిరుగుతుండగా కొద్దికొద్దిగా ఉప్పు. పుస్తకంలో ఈ ఒక్క ముక్క రాసుంటే నా మొదటి సంచి వృథా అయ్యేది కాదు. రెండోసారి విడిగా కొన్న ఉప్పు ఇంతకంటే త్వరగా కరిగింది, అయినా కిట్ ఉప్పు మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. సంచి నోరు గట్టిగా కట్టకపోతే మాత్రం రెండు వారాల్లో రాయి అయిపోతుంది. అలా గడ్డకట్టినదాన్ని పగలగొట్టి వాడకండి. తేమ తగిలిన ఉప్పులో పాళ్ళు సరిగా ఉండవు.

నీళ్ళ విషయంలో పుస్తకం చెప్పింది నాకు అసలు నచ్చలేదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే మందు వేస్తే చాలునట. మంచినీటి ట్యాంకుకు తొమ్మిదేళ్ళు నేను చేసిందీ అదే, ఏ చేపా నన్ను తిట్టలేదు. పైగా మొక్కలుంటే నీళ్ళలోని నైట్రేటు, ఫాస్ఫేటు వాటికే ఎరువు. ఉప్పునీటి ట్యాంకులో ఆ తినేవాళ్ళు లేరు. ఆవిరై పోయేది ఉత్త నీళ్ళే. మీరు పోసే ప్రతి చెంబుతో వచ్చిన సిలికేటు, ఫాస్ఫేటు, గొట్టాల్లోంచి వచ్చిన రాగి ఉంటే రాగి, అన్నీ లోపలే పోగవుతాయి. రాగి రొయ్యలకూ నత్తలకూ విషం. అందుకే నీళ్ళలో కరిగినవన్నీ తీసేసే ఆర్‌ఓ డీఐ ఫిల్టరు కొన్నాను. దాంతోపాటు వచ్చిన, కరిగినవి ఎంతున్నాయో చెప్పే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తేనే ఆ నీళ్ళు వాడతాను. కొన్నవాటిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది ఇదే. సన్న ధారగా గంటల తరబడి కారుతుంది, ఒక లీటరు మంచినీళ్ళకు మూడు నాలుగు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్ళతో ఇల్లు తుడుస్తున్నాం. అయినా నా లెక్కలో కిట్‌లో ఉండాల్సిన మొదటి వస్తువు ఇదే.

రాళ్ళ దగ్గర ఒక పెద్ద గండం తప్పింది. పదిహేనేళ్ళుగా పగడాలు పెంచుతున్న ఒక అన్నయ్య తన ట్యాంకులోంచి రెండు లైవ్ రాక్ ముక్కలు, అంటే బ్యాక్టీరియా, చిన్న ప్రాణులు కాపురమున్న రాళ్ళు, తీసిచ్చారు. మిగతావి పొడి రాళ్ళు కొన్నాను. ఆయనిచ్చిన రాయిని ఇంటికి తెచ్చి పళ్ళెంలో పెడితే, సందులోంచి ముళ్ళముళ్ళుగా జెర్రిలాంటి పురుగొకటి తల బయటపెట్టింది. మంచినీటి ట్యాంకులో పెట్టే కొయ్యను ముందు ఉడకబెట్టడం మనకు అలవాటే కదా, గిన్నె పొయ్యి మీద పెట్టి ఆయనకు ఫోన్ చేశాను.

“అన్నయ్యా, ఎంతసేపు ఉడకనివ్వాలి?”

“చెల్లెమ్మా, ముందు ఆ స్టవ్ కట్టెయ్! తర్వాత మాట్లాడదాం.”

రాయి మీద బొత్తాల్లా అంటుకుని ఉండే కొన్ని జొయాంథిడ్ పగడాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుందట. ఉడకబెడితే ఆవిరితోపాటు గాల్లోకి లేచి, పీల్చిన మనుషులు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. ఆ పురుగేమో బ్రిసిల్ వార్మ్, మిగిలిన మేత తినిపెట్టే పాకీపని చేస్తుంది, చేత్తో పట్టుకుంటే ముళ్ళు గుచ్చుకుంటాయి, అంతే. మంచినీటి అలవాట్లలో ప్రాణం మీదికి తెచ్చేది ఏదైనా ఉందంటే ఈ ఉడకబెట్టడమే. పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ఇక సైక్లింగ్ సంగతి, అంటే చేపల వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియాను ట్యాంకులో పెంచడం. బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చడం రెండు చోట్లా ఒకటే. అందుకని పాత ట్యాంకు స్పాంజిని ఇందులో పిండేశాను, కొత్త ట్యాంకును వారంలో నడిపించే నా పాత చిట్కా అది. ఇక్కడ నీళ్ళు మురికవడం తప్ప ఏమీ జరగలేదు. మంచినీళ్ళలో బతికిన బ్యాక్టీరియాను ఒక్కసారిగా ఉప్పులో పడేస్తే తట్టుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, సీసా అమ్మోనియా చుక్కలు వేస్తూ కొలుస్తూ కూర్చుంటే 31వ రోజుకు అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాయి. పెట్టె మీదేమో మర్నాడే చేపలు వేసుకోవచ్చని ఉంది. ఆ మాట విననందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి. నా మొక్కల ట్యాంకు పీహెచ్ 6.8 దగ్గర ఉండేది, అక్కడ అమ్మోనియా ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. ఉప్పునీళ్ళ పీహెచ్ 8.2. టెస్ట్ కిట్‌లో అదే రంగు కనిపించినా, అందులో విషం పాలు పది రెట్లకు పైగా ఉంటుంది. నైట్రైటు మాత్రం ఇక్కడ అంత భయపెట్టదు. నీళ్ళనిండా ఉన్న క్లోరైడు దాన్ని మొప్పల్లోకి అంత తేలిగ్గా పోనివ్వదు.

స్పాంజి గురించి ఇంకో మాట. మంచినీటి ట్యాంకులో స్పాంజిని నెలల తరబడి కదిలించేదాన్ని కాదు, బ్యాక్టీరియా ఇల్లు అని. ఇక్కడ ఆ పని రాళ్ళు చేస్తాయి. స్పాంజి వారం వారం ఉతక్కపోతే అందులో ఇరుక్కున్న మేత కుళ్ళి నైట్రేటు ఎక్కుతుంది. సెరామిక్ రింగుల సందుల్లోనూ అదే మురికి. నాలుగో నెలలో రింగులు తీసేశాను, ఎవరికీ తేడా తెలియలేదు.

లైటు బాగుంది. నీలం ఒక్కటే వెలిగిస్తే పగడాలు ఆకుపచ్చగా మెరుస్తాయి, చీకట్లో కూర్చుని చూడబుద్ధేస్తుంది. టైమరు మాత్రం ఇవ్వలేదు. లైటు బిగించే క్లిప్పు స్క్రూ ఐదో నెలకే తుప్పు పట్టింది. ఉప్పునీటి మీద వేలాడే వస్తువుకు ఇనుప స్క్రూ పెట్టాలని ఎవరికి తోచిందో! పంపు చప్పుడు అసలు వినపడదు. కాకపోతే అది తోసే నీళ్ళు ఈ ట్యాంకుకు చాలవు. ఉప్పునీళ్ళలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పడితే, సముద్రపు నీళ్ళలో 7 కూడా పట్టదు. అందుకే పైన నీళ్ళు బాగా కదలాలి. వేవ్‌మేకరు కొని పెట్టిన మొదటి నిమిషంలో ఇసుకంతా లేచి తుఫాను వచ్చింది. మూతి పైకి తిప్పాక సర్దుకుంది. మూలల్లో పేరుకున్న ఎర్రటి జిగురు కూడా దాంతోనే పోయింది.

ఇక ఆ హైడ్రోమీటరు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి.

అరచేతి వెడల్పు ప్లాస్టిక్ డబ్బా, లోపల తోకలాంటి ముల్లు. నీళ్ళు నింపితే తోక లేస్తుంది, ఎంత ఉప్పుంటే అంత పైకి. తోక కొస ఏ అంకె దగ్గర ఆగితే అది స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే ఉత్త నీళ్ళతో పోలిస్తే ఈ నీళ్ళు ఎన్ని రెట్ల బరువో. సముద్రం 1.025, 1.026 మధ్య ఉంటుంది, అంటే కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు. చూడ్డానికి భలే సులువు. మా అబ్బాయికి కూడా ఇష్టమైన పని. “అమ్మా, తోక లేచింది” అని అరిచేవాడు, నేను 1.025 అని నా నోటుబుక్కులో రాసుకునేదాన్ని. రెండు నెలలు ప్రతి వారమూ 1.025 రాసుకున్నాను. ఆ వరస ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది.

కొలిచాక దాన్ని నీళ్ళు వంపేసి అలాగే అలమరాలో పెట్టేసేదాన్ని. తోక మీద మిగిలిన తడి ఆరి, ఉప్పు సన్నటి పొరగా పట్టింది. భూతద్దం పెట్టి చూస్తే ఇరుసు దగ్గర తెల్లటి గింజలు కనిపించాయి. తోక బరువెక్కితే తక్కువ లేస్తుంది, నీళ్ళలో ఎంత ఉప్పున్నా అది తక్కువే చూపిస్తుంది. తోకకు గాలి బుడగ అంటుకుంటే దీనికి తలకిందులు, లేని ఉప్పు చూపిస్తుంది. అంటే ఈ పరికరానికి రెండువైపులా అబద్ధం చెప్పడం చేతనవును. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలని, బుడగలు తట్టి వదిలించాలని పుస్తకంలో లేదు.

మూడో నెలలో నేను నాలుగు రోజులు ఊరెళ్ళాను. ట్యాంకు గాజు మీద ఒక టేపు ముక్క అంటించి, నీళ్ళు ఈ గీత దిగకుండా చూడండని మా వారికి చెప్పాను. ఆయన అక్షరాలా అదే చేశారు. ట్యాంకు పక్కన రెండు బకెట్లున్నాయి. ఒకటి ఆర్‌ఓ నీళ్ళు, ఒకటి నీళ్ళు మార్చడానికి కలిపి పెట్టిన ఉప్పునీళ్ళు. సముద్రపు ట్యాంకు కదా, సముద్రపు నీళ్ళే పోయాలనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ అనుకునేదాన్నే, ఆ అన్నయ్య ముందే చెప్పకపోయుంటే.

తిరిగొచ్చేసరికి టర్బో నత్తలు నాలుగింటిలో మూడు ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి. నిలబెడితే మళ్ళీ ఒరిగిపోతున్నాయి. పెంకు మూత వదులైపోయింది. క్లౌన్ చేపలు రెండూ తిరుగుతున్నాయి గానీ మొప్పలు గబగబా ఆడుతున్నాయి. తోక డబ్బాతో కొలిస్తే 1.027. అది పెద్ద తేడా కాదే అనుకుంటూ ఫోన్ చేశాను.

“దేంతో కొలిచావు చెల్లెమ్మా?”

“కిట్‌లో వచ్చినదాంతోనే అన్నయ్యా.”

ఆయన అటునుంచి నిట్టూర్చి, సాయంత్రం తన రిఫ్రాక్టోమీటరు పట్టుకొచ్చారు. గాజు పలక మీద రెండు చుక్కలు, మూత వేసి వెలుతురుకేసి ఒంటికన్నుతో చూడటం. పైన నీలం, కింద తెలుపు, ఆ రెండూ కలిసే గీత 1.030 మీద ఉంది. అంటే కిలో నీటిలో 39 గ్రాముల పైమాట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే, తోక అబద్ధానికి బకెట్ పొరపాటు తోడైంది.

తర్వాత కూర్చుని లెక్క కట్టాను. నా ట్యాంకులో రోజుకు లీటరు పైన, సుమారు 1.3 లీటర్లు ఆవిరవుతుంది. నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు. నాలుగు రోజుల్లో ఐదు లీటర్ల చిల్లర. ఆ లోటు ఉప్పునీళ్ళతో పూడిస్తే సుమారు 180 గ్రాముల ఉప్పు అదనంగా చేరింది. 60 లీటర్లలో అది లీటరుకు దాదాపు మూడు గ్రాముల తేడా. పోనీ ఏమీ పోయకుండా వదిలేసినా ఇదే కథ. వారం రోజులకు తొమ్మిది లీటర్లు తగ్గి, 35 కాస్తా 41 అవుతుంది. మంచినీటి ట్యాంకులో రెండు వారాలు నీళ్ళు పోయకపోతే ఫిల్టరు గలగలమని చప్పుడు చేస్తుంది, అంతకుమించి ఏమీ కాదు. ఉప్పునీటికి మారేవాళ్ళందరూ ఉప్పు కలపడం గురించి టెన్షన్ పడతారు. అది నెలకు నాలుగుసార్లు చేసే పని, అలవాటైపోతుంది. ఆవిరి మాత్రం రోజూ ఉంటుంది, రాత్రి కూడా ఉంటుంది.

ఉప్పు దించడం కూడా ఒక్కసారిగా చేయకూడదు. రోజుకు రెండు లీటర్ల లోపు ట్యాంకు నీళ్ళు తీసి, అంతే ఆర్‌ఓ నీళ్ళు పోస్తూ నాలుగు రోజులు పట్టించాను. చేపలు తేరుకున్నాయి. సముద్రపు చేప ఒంట్లో ఉన్నదానికంటే బయటి నీళ్ళలోనే ఉప్పెక్కువ, ఒంట్లోని నీళ్ళు బయటికి పోతూ ఉంటాయి, అందుకని అది ఎప్పుడూ తాగుతూనే ఉంటుంది. మంచినీటి చేప దీనికి తలకిందులు, తాగనక్కర్లేదు, చొరబడిన నీళ్ళను మూత్రంగా తోడిపోయడమే దాని పని. ఉప్పు కాస్త అటూఇటూ అయినా చేప మొప్పలతో, మూత్రపిండాలతో సర్దుకుంటుంది. నత్తకు ఆ సదుపాయం లేదు. ఆ మూడు నత్తలూ బతకలేదు.

మర్నాడే రిఫ్రాక్టోమీటరు కొన్నాను. దీనికీ ఒక మెలిక ఉంది. ఉత్త నీళ్ళతో సున్నా దగ్గర సరిచేస్తే 35 దగ్గర తేడా చూపించొచ్చు. 35 పీపీటీ, అంటే కిలోకు 35 గ్రాముల ద్రావణం చిన్న సీసాల్లో దొరుకుతుంది, దాంతో సరిచేసుకోండి. కొన్ని చవక రకాల స్కేలు మామూలు ఉప్పు ద్రావణానికి గీసినది, సముద్రపు నీటికి కాదు. కొనేటప్పుడు అదొకటి అడగండి. నేను నెలకోసారి ఆ సీసాతో సరిచూస్తాను. ఇప్పటికి రెండుసార్లే మర తిప్పాల్సి వచ్చింది.

మొదటి చేపలుగా పెట్టిన ఒసెల్లారిస్ క్లౌన్ జత గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు నిద్రపట్టదు. ట్యాంకుల్లోనే పుట్టి పెరిగినవి దొరుకుతాయి, అవే తీసుకోండి. మేతకు, జనానికి అలవాటుపడి వస్తాయి. ఇవన్నీ మగవిగానే మొదలవుతాయి. జతలో పెత్తనం చేసేది ఆడదవుతుంది. నావి తెచ్చినప్పుడు రెండూ ఒకే సైజు. ఇప్పుడొకటి ఒకటిన్నర రెట్లయింది. అది దగ్గరికొస్తే చిన్నది పక్కకు ఒరిగి, వణుకు పట్టినట్టు ఒళ్ళంతా అదురుతుంది. మొదటిసారి చూసి ఏదో జబ్బనుకుని రాత్రంతా కూర్చున్నాను. అది లొంగిపోయానని చెప్పుకోవడమట.

క్లీనర్ రొయ్య విషయంలోనూ అంతే. ఒక ఉదయం ఇసుక మీద చచ్చి పడి ఉంది. మీసాలు, కాళ్ళు, వీపు మీది ఎర్ర చారలు అన్నీ ఉన్నాయి, గాజులా తేలిగ్గా ఉంది. బాధపడుతూ తీసి పారేశాను. మధ్యాహ్నం మేత వేస్తే రాతి కిందనుంచి అదే రొయ్య, ఇంకా నిగనిగలాడుతూ బయటికొచ్చింది. కుబుసం విడిచిందన్నమాట. ఇప్పుడు చెయ్యి ముంచితే గోళ్ళ అంచులు శుభ్రం చేస్తుంది.

మూత లేని లోటు కూడా ఒక ప్రాణం తీసింది. ఫైర్‌ఫిష్ అని, సన్నగా, తోకవైపు ఎర్రగా, బెదురుగొడ్డు. లైటు ఆర్పిన రాత్రి ఎగిరి స్టాండు వెనక పడింది. పొద్దున చూసేసరికి ఎండిపోయి ఉంది. చట్రం లేని ట్యాంకు ఫొటోల్లో అందంగానే ఉంటుంది. ఇప్పుడు మేమే వల మూత చేయించి పెట్టాం. గాజు మూత పెడితే ఆవిరి తగ్గుతుంది గానీ గాలి ఆడదు, ఉప్పు తుంపరలతో రెండు రోజుల్లో మసకబారి లైటూ తగ్గిపోతుంది.

జబ్బుల గురించి పొడిగా ఒక్క హెచ్చరిక. మంచినీళ్ళలో తెల్ల మచ్చలు వస్తే వేడి పెంచి, ఉప్పో మందో వేసి గట్టెక్కేవాళ్ళం. ఇక్కడి తెల్ల మచ్చ తెచ్చేది వేరే పరాన్నజీవి, క్రిప్టోకారియన్. వేడికి పోదు. దాన్ని చంపే రాగి మందు ట్యాంకులో వేస్తే రొయ్యలూ నత్తలూ కూడా పోతాయి. కాబట్టి కొత్త చేపను ముందు వేరే చిన్న ట్యాంకులో కొన్ని వారాలు ఉంచండి. నేను మొక్కల ట్యాంకు పాత హీటరు, పాత ఫిల్టరు ఆ పనికి పెట్టాను. తొమ్మిదేళ్ళ సామానులో ఇటువైపు పనికొచ్చింది అదే.

నురగతో మురికిని బయటికి తీసే ప్రోటీన్ స్కిమ్మరు ఈ కిట్‌కు విడిగా అమ్ముతారు. 60 లీటర్లకు నేను కొనలేదు. వారానికి ఆరు లీటర్లు మారుస్తున్నాను, నైట్రేటు అదుపులోనే ఉంది. చేపలు నాలుగైదు ఉంటే కొనాల్సిందే కావచ్చు.

ఈ కిట్ కొనాలా అంటే, ఇంట్లో ఇప్పటికే హీటరు ఉన్న మంచినీటివాళ్ళు కొనొచ్చు. రిఫ్రాక్టోమీటరు, ఆర్‌ఓ నీళ్ళు, వేవ్‌మేకరు, మూత, టెస్ట్ కిట్లు విడిగా కొనాల్సిందేనని ముందే రాసిపెట్టుకోండి. వీలైతే ఆటో టాపప్ కూడా. ఇదేమీ తెలియకుండా పెట్టె మీది మాట నమ్మి మొదటి ట్యాంకుగా ఇదే కొనేవాళ్ళకు మాత్రం వద్దనే చెప్తాను.

మేము ఐదో నెలలో ఆటో టాపప్ పెట్టాం. నీళ్ళు గీత దిగగానే సెన్సరు పట్టుకుని, పక్కనున్న డబ్బాలోంచి ఆర్‌ఓ నీళ్ళు తోస్తుంది. వారానికోసారి ఆ డబ్బా నింపే పని మా వారే తీసుకున్నారు. ఉప్పు బకెట్ మూత మీద ఆయనే తెల్ల కాగితం అంటించి, ఎర్ర స్కెచ్ పెన్‌తో రాసుకున్నారు: ‘ఇది కాదు’.